ఉడుముకు భయపడి మొసలి ఒడ్డుకు

పోయిన నెల రెండో శనివారం మా మనవరాలు నన్ను పట్నంలోని జంతువుల పార్కుకు తీసుకుపోయింది. నేనే దాన్ని తీసుకుపోయానని మా అమ్మాయి అందరికీ చెబుతోంది గానీ అది నిజం కాదు. ఫోనులో టికెట్లు తీసింది మనవరాలు, దారి చూపింది మనవరాలు, నాకు మోకాళ్లు నొప్పి పుడతాయని బ్యాటరీ బండి ఎక్కించింది కూడా అదే. పులుల దగ్గర, ఏనుగుల దగ్గర నాకేమీ అనిపించలేదు. పులిని నేను పాఠ్యపుస్తకంలో తప్ప చూసి ఎరగను, ఎరగని దానికి భయపడటం కూడా సరిగ్గా చేతకాదు. బండి దిగి చెట్ల నీడన ఒక మలుపు తిరిగేసరికి మొసళ్ల మడుగు వచ్చింది.

ఏటవాలు గట్టు మీద నోళ్లు తెరుచుకుని పడి ఉన్నాయి. ఎవరో విసిరిన పాప్‌కార్న్ గింజ ఒకదాని ముక్కు మీద పడి, అక్కడే ఉండిపోయింది. మనవరాలు కాసేపు చూసి విసుక్కుంది. "కదలట్లేదు అమ్మమ్మా, ఇది రియలేనా? ప్లాస్టిక్‌ది పెట్టి మనల్ని చీట్ చేస్తున్నరా?" అంది. అక్కడినుంచి నాలుగడుగులు వేస్తే ఉడుముల గది. అద్దానికి అవతల ఒకటి మెడ ఎత్తి, చీలిన నాలుక బయటికి చాపి లోపలికి తీసుకుంటోంది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టాలని ఎవరికి తోచిందో గానీ, నేను బెంచీ మీద కూర్చుండిపోయాను.

"అద్దం ఉన్నది, గ్రిల్ ఉన్నది, ఇంక భయమెందుకు?" అని మనవరాలు నవ్వింది. చెబితే ఫోను నా మొహం ముందు పెట్టి మళ్లీ మొదటినుంచి చెప్పమంటుందని తెలుసు కనుక, నీళ్ల సీసా అడిగి తాగి ఊరుకున్నాను. దానికి చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. గడప, కందిలి, కుండ అంటే అర్థం అడగనక్కరలేని మన ఈడు వాళ్లు చదువుతారని.

మాది మొయినాబాద్ దగ్గర, ఎంకపల్లికి ఆ పక్క, చిన్న ఊరు. గూన పెంకుల ఇల్లు, మట్టి గోడలు, వెనక గదిలో జొన్నలు పోసుకునే గుమ్మి. ఇంట్లో అయిదుగురం: బాపు, అవ్వ, నాయనమ్మ, నేను, చెల్లె. కన్నతల్లినే మేము అవ్వ అని పిలిచేవాళ్లం. నాయనమ్మ అంటే బాపును కన్న తల్లి. చెల్లెకు అప్పటికి నాలుగో ఏడు నిండలేదు, ర అనబోతే ల వచ్చేది. నేను అయిదో తరగతి. హోలీ అయిపోయింది, ఉగాది ఇంకా రాలేదు. ఈ మాట గట్టిగా చెప్పగలను, ఎందుకంటే నా తెల్ల లంగా మీద పడిన మోదుగపూల రంగు ఇంకా వదలలేదు.

ఆ పొద్దున అవ్వ చాట పట్టుకుని వెనక గదిలోకి పోయి, చాట అక్కడే పడేసి వెనక్కి వచ్చింది. అరవలేదు. అరవడం ఆమె స్వభావం కాదు. మొహం మాత్రం పిండి రాసినట్టు అయిపోయింది. మేము తొంగి చూశాం. గుమ్మికీ గోడకూ మధ్య ఉడుము. గోళ్లు మట్టి గోడలో దిగేసి, తల కిందికి వేలాడేసి, మమ్మల్నే చూస్తూ ఉంది. దాని గొంతు కింద చర్మం కొలిమితిత్తిలా పొంగుతూ తగ్గుతూ ఉంది. బుస్సుమంది. అది విన్నప్పుడు నేను చెల్లెను ఎత్తుకుని వాకిట్లోకి ఉరికాను, ఇల్లు విడిచేదాకా ఆ గది వైపు వీపు పెట్టి కూర్చోలేకపోయాను.

ఉడుము మనిషిని ఏమీ చెయ్యదని ఇప్పుడు పార్కులో బోర్డు మీద రాసి ఉంది. మా ఊళ్లో ఎవరికీ ఉడుము కరుస్తుందని భయం లేదు. ఇంట్లో ఉడుము దూరితే ఆ ఇల్లు పాడుబెట్టాలి, అదీ భయం. మూడు అమావాస్యలు దాటేదాకా పొయ్యి వెలిగించకూడదు, మనిషి పడుకోకూడదు, కాదని ఉంటే ఇంట్లో ఒకరిని తీసుకుపోతుంది. పక్కింటి పెద్దాయన కర్ర తెచ్చి కొట్టేస్తాను, కూర వండుకుంటాను అన్నాడు గానీ నాయనమ్మ గడపకు అడ్డం నిలబడింది. ఇంట్లో చంపితే దోషం రెండింతలట. సాయంత్రానికి అది దానంతట అదే దిగి, వాకిలి దాటి, ఏమీ జరగనట్టు కంచెలోకి వెళ్లిపోయింది.

నాయనమ్మను మూఢురాలు అని తీసిపారేయకండి. ఆమె ముడిమ్యాల అనే ఊరి ఆడబిడ్డ. ఆమె చిన్నతనంలో వాళ్ల పుట్టింట్లో కూడా ఉడుము దూరింది, వాళ్ల నాయన ఇవన్నీ లెక్కచేసే మనిషి కాదు, ఇల్లు విడవలేదు. ఆ ఎండాకాలం దాటకముందే ఆమె తమ్ముడు జ్వరంతో పోయాడు. ఉడుముకూ జ్వరానికీ ఏం సంబంధమని ఈరోజు నేను అడగగలను. ఆ తమ్ముణ్ని చంకనేసుకుని పెంచిన మనిషిని ఎవరు అడగగలరు? ఆ రాత్రి ఆమె మా ఇద్దరినీ వంతులవారీగా చూసింది. చూపు ఎక్కువసేపు చెల్లె మీద నిలిచింది. ఇంట్లో చిన్నది అదే కదా.

తెల్లవారుతూనే పొయ్యిలో నిప్పు ఆర్పి, తలుపుకు గొళ్లెం పెట్టి, ముందు తుమ్మకంప అడ్డం వేసి బయటపడ్డాం. పోవడానికి ఇంకొకరి ఇల్లు లేదు. ఉడుము తొక్కిన ఇంటివాళ్లను మూడు అమావాస్యలూ ఎవరూ తమ కప్పు కిందికి రానివ్వరు, దోషం వెంట వస్తుందని. మా మేనమామ కనకమామిడి నుంచి జొన్నల సంచి ఎత్తుకుని నడిచి వచ్చాడు, దూరంగా గట్టు మీద దించి, "అక్కా, ఏమనుకోకు, ఇంట్ల పసిపిల్ల ఉన్నది" అని అక్కడినుంచే ఏడ్చుకుంటూ తిరిగిపోయాడు. అవ్వ ఏమీ అనుకోలేదు. తమ్ముడి స్థానంలో ఉంటే ఆమె కూడా అదే చేసేది.

ఇక మిగిలింది శిఖం. ఈ మాట ఇప్పటివాళ్లకు తెలియదు గనుక ఒక్క ముక్కలో చెబుతాను. పట్నానికి తాగునీళ్లు పోయే పెద్ద చెరువు మా ఊరిని ఆనుకుని ఉండేది. ఎండలు ముదిరేకొద్దీ నీళ్లు వెనక్కి తగ్గుతాయి, తగ్గినచోట నల్లటి మెత్తటి నేల బయటపడుతుంది. అదే శిఖం. ఆ నేలలో గుంతలు తీసి తర్బూజ, ఖర్బూజ, దోస గింజలు పెట్టి, కుండలతో నీళ్లు పోసి పండించేవాళ్లం. నీళ్లు ఎంత దూరం పోతే మా పాదులు అంత దూరం వాటి వెనకాలే పోయేవి. పంటకు కావలి కాయడానికి బాపు వేసిన చిన్న గుడిసె ఉంది. అయిదుగురం దాంట్లో చేరాం.

మొదట్లో నాకు అది పండగలాగే ఉండింది. బడికి దూరం ఎక్కువైనా, పండిన ఖర్బూజ వాసన మధ్య నిద్ర లేవడం ఎంతమందికి దొరుకుతుంది? నాకు చిన్నప్పటినుంచీ దేన్నైనా కొలిచి చూసే పిచ్చి ఉంది. రోజూ పొద్దున్నే నీటి అంచున ఒక పుల్ల గుచ్చేదాన్ని, మర్నాడు వెళ్లి పుల్లకూ నీటికీ మధ్య ఎన్ని జానలు పెరిగిందో చూసేదాన్ని. అలా వెళ్లిన ఒక పొద్దున పుల్ల లేదు. విరిగి మట్టిలోకి అణిగిపోయి ఉంది. దాని పక్కనుంచి నీళ్లలోకి ఒక జాడ. నడుమ చెక్కతో గీసినట్టు లోతైన గాడి, దానికి రెండు వైపులా వేళ్లు విప్పిన పాదాల గుర్తులు, ఒక్కొక్క వేలికొనకు గోరు దిగిన చిల్లు.

మన వైపు పల్లెల్లో అటువంటి జాడ ఎవరికైనా తెలుసు. దుమ్ములో ఉడుము పోయిన దారి అచ్చం అలాగే ఉంటుంది, నడుమ తోక గీత, పక్కల గోళ్లు. నాయనమ్మ వచ్చి చూసి అక్కడే మట్టిలో కూలబడింది.

"మన ఎన్కనే వచ్చింది" అంది.

"గింత వెడల్పు తోక ఉడుముకు ఉంటదా అత్తా?" అని అవ్వ మెల్లగా అడిగింది.

"కోపం మీదున్నది. కోపానికి పెరిగింది."

చెరువులో మొసళ్లు ఉన్నాయని మేము విననిది కాదు. కట్ట దగ్గర, లోతు నీళ్లలో ఉంటాయని, ఇంత దూరం, ఇంత పల్చటి నీళ్లలోకి రావని అందరూ అనుకునేవాళ్లు. ఆ ఏడు చెరువు మరీ ఇంకిపోయి, లోతు తగ్గిపోయి, లోపలున్నవి దారి వెతుక్కుంటున్నాయని ఎవరికీ తోచలేదు. బాపుకు కొంచెం తోచింది అనుకుంటాను. జాడ చుట్టూ రెండుసార్లు తిరిగి, గడ్డం గోక్కుని, "జర పైలం, పిల్లల్ని నీళ్ల కాడికి పోనియ్యకు" అని అవ్వకు చెప్పి, బండికి కాయలు ఎత్తుకుని చేవెళ్ల అంగడికి వెళ్లిపోయాడు. తల్లికి ఎదురు చెప్పాల్సిన చోట మా బాపుకు ఎప్పుడూ అంగడి పని గుర్తుకొచ్చేది.

ఉడుము పగబట్టి వెంట వస్తే శాంతి చెయ్యాలి. నాయనమ్మ వాళ్ల పుట్టింటి వైపు పద్ధతి ఏమిటంటే, దీపాలవేళకు మోదుగ విస్తట్లో పసుపు కలిపిన అన్నం, దాని మీద ఉడకబెట్టిన గుడ్డు పెట్టి, అది తిరిగే దారిలో ఉంచి, వెనక్కి చూడకుండా రావాలి. పెళ్లయిన ఆడది పెట్టకూడదు, మగవాడు పెట్టకూడదు, ఇంట్లో అందరికంటే చిన్న ఆడపిల్ల చేతులతో పెట్టాలి.

అంటే మా చెల్లె.

మొదటిరోజు నాయనమ్మ చెయ్యి పట్టుకుని తీసుకుపోయి పెట్టించింది. తెల్లవారి చూస్తే విస్తరి బోర్లా పడి ఉంది, అన్నం లేదు, గుడ్డు లేదు. కొంగలు తిన్నాయో, చేపలు తిన్నాయో! నాయనమ్మ మాత్రం నీళ్లకు దండం పెట్టింది. శాంతించింది అంది. నాకూ గుండెల్లో బరువు దిగినట్టు అయింది, ఆ మాట దాచను. భయపడే మనిషికి, తాను భయపడేది తన చేతి అన్నం తింటోందంటే ఎంత ఊరటో.

తరవాత గుడ్డుకు బదులు కోడిమెడ పెట్టారు, కోడిమెడకు బదులు కోడి పేగులు. పెట్టినవన్నీ పోయేవి. జాడలు మాత్రం నీటి అంచున ఆగకుండా కొంచెం కొంచెం గట్టు మీదికి ఎక్కుతూ వచ్చాయి. ఒకరోజు మొదటి పాదు దాకా, ఇంకోరోజు రెండో వరస దాకా. ఒక ఖర్బూజ మీద దాని కడుపు రాసుకుపోయి, నున్నగా తొక్క లేచిపోయి ఉంది. నాయనమ్మ దానికీ అర్థం చెప్పింది, పెట్టిన చేతిని వెతుక్కుంటూ దగ్గరికి వస్తోందట, అంటే మచ్చిక అవుతోందట. ఆ వారమే పక్క చేనివాళ్ల కుక్క కనబడకుండా పోయింది. వాళ్లు ఒడ్డంతా పిలుచుకుంటూ తిరిగారు. మా గుడిసె ముందుకు వస్తే నాయనమ్మ, దానికి రావలసిన భాగం అది తీసుకుంది, ఇక మనుషుల జోలికి రాదు అంది. ఆ మాటకు అవ్వ చేతిలో రొట్టె పిండి ఆగిపోయింది. అప్పటినుంచి పడుకునేటప్పుడు చెల్లె లంగా అంచును తన కొంగుకు ముడేసుకునేది.

చెల్లెకు మాత్రం భయం లేకపోయింది, అదే నన్ను అందరికంటే ఎక్కువ భయపెట్టింది. దానికి అదొక ఆట. ఇంట్లో దూడను పిలిచినట్టు నీళ్ల వైపు చెయ్యి ఊపి, "లా, లా, బువ్వ తిను" అని పిలిచేది. వెనక్కి చూడకూడదంటే అందరికంటే ముందు వెనక్కి చూసేది అదే.

ఒక మధ్యాహ్నం అవ్వ కుండ తీసుకుని నీళ్లకు పోయి, ఖాళీ కుండతో వచ్చింది. మట్టి తిన్నె మీద ఎండుమొద్దు ఉందనుకుందట. దాని పక్కన కుండ ముంచబోతే మొద్దు నోరు తెరిచిందట. నోటి లోపల పసుపుపచ్చగా, పండిన తాటిపండు చీల్చినట్టు ఉందట. ఇదంతా ఆమె గుసగుసగా చెప్పింది, కాళ్లు ముడుచుకుని కూర్చుని, కుండను రెండు చేతులతో పట్టుకుని.

"అది ఉడుము కాదు అత్తా. మొసలి. నా కండ్లతోని చూసిన."

నాయనమ్మ ఖాళీ కుండలోకి తొంగి చూసింది. నమ్మిందనే అనుకున్నాను. చివరికి, "మొసలైతే ఇంకా మంచిది. గంగమ్మ తల్లి ఎక్కి తిరిగేది అదే గద. గింతదాంక వచ్చి శాంతి నడుమ ఇడిస్తే ఊకుంటదా? ఇంక ఒక్క అమాస దాటాలె" అంది. ఆమె మొండితనం అని అప్పుడు అనుకున్నాను. ఆమెకు నీళ్లలో ఉన్నది కనబడటం లేదు, ముడిమ్యాలలో పోయిన తమ్ముడు కనబడుతున్నాడు, అంతే.

మరునాడు చేవెళ్ల అంగడి. బాపు బండి కట్టుకుని పోయాడు. దీపాలవేళకు నాయనమ్మ విస్తరి సిద్ధం చేసి, చెల్లెను పిలిచింది. అవ్వ "నేను పెట్టొస్త" అంది. పెళ్లయినదానివి నువ్వెట్ల పెడతావంది నాయనమ్మ. "అయితే పెద్దపిల్ల పెడుతది" అంది అవ్వ, ఆ మాట అంటూ నా వైపు చూడలేకపోయింది. నాయనమ్మ దానికీ ఒప్పుకోలేదు. చిన్నది అప్పటికే విస్తరి నెత్తి మీద పెట్టుకుని పాదుల మధ్య నడిచిపోతోంది, అంగడికి పోయే గొల్లామెలాగా నడుము ఊపుకుంటూ. అది ముందు, నాయనమ్మ వెనక, నేను ఆమె వెనక. అవ్వ చేతిలో పని వదిలి మా పక్కగా, కొంచెం ఎడంగా, నీళ్లకు అడ్డదారిన నడిచింది.

ఒడ్డున గాలి లేదు. నీళ్లు పళ్లెంలో పోసినట్టు ఉన్నాయి. చెల్లె కూర్చుని విస్తరి దించింది. "లా, లా" అని అరచేత్తో నీళ్లను తట్టింది. ఆ తట్టిన అలలు గుండ్రంగా విచ్చుకుంటూ పోయి, ఒకచోట రెండు ముక్కలుగా చీలి అవతలికి పోయాయి. అక్కడ రెండు బుడిపెలు ఉన్నాయి. నాకు కనబడ్డాయి. నేను చెయ్యెత్తి చూపించేలోగానే బుడిపెలు మునిగాయి.

తరవాత జరిగినదాన్ని మా చెల్లె ఇప్పుడు చెబితే మొసలిని ఆర్టీసీ బస్సంత చేస్తుంది. అంత లేదు. మా నులక మంచం కంటే రెండు మూరలు ఎక్కువ ఉంటుంది, అంతే, దానికే లోకమంతా నిండిపోయింది. నీళ్లు లేచాయి. అవ్వ అప్పటికే గాలిలో ఉంది, అలా అనడం తప్ప వేరే మాట దొరకదు. చెల్లె జుట్టు ఒక చేత్తో, జబ్బ ఒక చేత్తో పట్టి వెనక్కి లాగింది. నోరు మూసుకున్న చప్పుడు విన్నాను. బావి మీద చెక్క మూత పడినట్టు. విస్తరి దాని నోట్లోకి పోయింది, విస్తరితో పాటు చెల్లె లంగా అంచు.

అది నీళ్లలోకి లాగుతోంది, అవ్వ ఒడ్డుకు లాగుతోంది. అవ్వ మడమలు బురదలో గాడి చేసుకుంటూ జారుతున్నాయి. అప్పుడు నాయనమ్మ పడిపోయిందనుకున్నాను. పడలేదు, అవ్వ నడుమును రెండు చేతులా కావలించుకుని వెనక్కి కూర్చుంది. నేను నాయనమ్మ చీర పట్టుకున్నాను. నాయనమ్మ అప్పటిదాకా తల్లీ, అమ్మా అని దండాలు పెట్టినదాన్ని పట్టుకుని, ఇంట్లోకి దూరిన కుక్కను తిట్టినట్టు తిట్టింది. "థూ! నీ నోట్ల మన్నువడ! పెట్టిన చెయ్యినే పడ్తవా? ఇడువు! ఇడుస్తవా లేదా!" ఆ ఒడ్డంతా ఆమె గొంతే.

చివరికి మొసలి విడవలేదు. లంగా నాడా తెగింది. చెల్లె గింజ ఊడినట్టు ఊడి వచ్చి మా మీద పడింది. మేము నలుగురం బురదలో వెల్లకిలా పడి ఉండగా, పూల లంగా ఒకసారి నీటి మీద గాలి నిండి ఉబ్బి, మళ్లీ కనబడలేదు. చెల్లె నడుము చుట్టూ నాడా కోసిన గీత. ఏడవడం కూడా ఆలస్యంగా మొదలుపెట్టింది, అదీ లంగా కోసం.

అవ్వ దాన్ని ఎత్తుకుంది. గుడిసె వైపు తిరగలేదు, ఊరి వైపు తిరిగింది.

"ఏడికి? ఇంక ఒక్క అమాస ఉన్నది" అంది నాయనమ్మ బురదలోంచే.

అవ్వ ఆగింది. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి ఆమె అత్త ముందు గొంతెత్తగా నేను వినలేదు, ఆరోజు విన్నాను. "ఉడుము ఇంట్లనే ఉంటే ఉండనీ. అదొక పక్కకు పంటది, నేనొక పక్కకు పంట. నా పిల్లను మాత్రం నీళ్లకియ్య."

చీకటి పడ్డాక ఇంటికి చేరాం. దారిలో బాపు బండి ఎదురైంది. అవ్వ మొహం, లంగా లేని చిన్నది, బురద కొట్టుకున్న తల్లి, ఇవన్నీ చూసి ఏమీ అడగకుండా బండి తిప్పాడు. ఇంటి ముందు తుమ్మకంప ఎండిపోయి ముళ్లు ఇనప మేకుల్లా ఉన్నాయి. బాపు గడ్డపార కోసం వెతుకుతుంటే అవ్వ ఒట్టి చేతులతో లాగి పక్కన పడేసింది. గొళ్లెం తీసింది. లోపలినుంచి చచ్చిన గాలి, ఎలుకల వాసన వచ్చాయి.

నిజం చెబితే, నీటి ఒడ్డున కంటే ఆ గడప దగ్గర నేను ఎక్కువ వణికాను. నీళ్లలో ఉన్నది ఏమిటో కళ్లతో చూశాను. ఈ గడప లోపల ఉన్నది ఎవరూ చూడనిది. దాటితే ఒకరు పోతారు. ఆ ఒకరు ఎవరో ముందే నిర్ణయమైపోయినట్టు అందరం చెల్లెనే చూస్తున్నాం. అవ్వ కందిలి వెలిగించి, చెల్లెను బాపు చేతుల్లో పెట్టి, ఒక్కతే లోపలికి పోయింది. వెనక గదిలోకి, ఉడుము వేలాడిన గోడ దగ్గరికి. అక్కడ చాప పరుచుకునే చప్పుడు వినబడింది. పడుకుంది. పోవలసింది ఎవరైనా ఉంటే ముందు తననే చూసుకోనీ అన్నట్టు. చాలాసేపటి తరవాత లోపలినుంచి, "పిల్లల్ని పంపు. ఏం లేదు" అంది.

నాయనమ్మ గడప దాటలేదు. ఆఖరి అమావాస్య దాకా వాకిట్లో మంచం వేసుకుంది. ఇటు తల్లి, అటు పెళ్లాం, నడుమ మా బాపు తన మంచం గడప మీద అడ్డంగా వేసుకుని, తల లోపల, కాళ్లు బయట పెట్టి పడుకున్నాడు. "అయ్యో కొడుకా, సగమన్నా దక్కినవు" అని నాయనమ్మ కాళ్ల మీద దుప్పటి కప్పేది. ఆ భయంలో కూడా మాకు నవ్వు వచ్చింది.

తెల్లవారుతూనే ఆమె బయటినుంచి మమ్మల్ని పిలిచేది. రోజూ ఒకటే వరస. కొడుకా, కోడలా, పెద్దపిల్లా, చిన్నపిల్లా, ఉన్నరా? "ఉన్న" అని ఒక్కొక్కరం పలకాలి. ఒకరు నిద్రమత్తులో ఆలస్యం చేస్తే ఆమె గొంతు మారిపోయేది, మంచం కిర్రుమని లేచి నిలబడిన చప్పుడు వచ్చేది. చిన్నది కావాలని ఆలస్యం చేసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. అవ్వ దాని వీపు మీద ఒకటి వేసి పలికించేది. మేమంతా ఉన్నామని తేలాక, బయట నాయనమ్మ ముక్కు చీదుకోవడం వినబడేది. అత్తాకోడళ్లు ఆ ఎండాకాలం ఒకరితో ఒకరు ఎక్కువ మాట్లాడుకోలేదు. కోడలా అంటే, ఉన్న అత్తా. ఆ రెండు మాటలే, రోజుకొకసారి.

ఆ ఏడు మా ఇంట్లో ఎవరికీ ఏమీ కాలేదు. తాను బయట పడుకుని కాచానని నాయనమ్మ చివరిదాకా చెప్పుకుంది. అవ్వ ఎన్నడూ ఏమీ చెప్పుకోలేదు. ఎవరిది నిజమని నేను తేల్చలేను, తేల్చబోను. చిన్న చిన్న విషయాల్లో కూడా తప్పులు పట్టే నేను ఈ ఒక్కదాన్నీ ఇలాగే వదిలేశాను.

ఇప్పుడు మా శిఖం పక్కనంతా ప్రహరీలు లేచాయి, పట్నంవాళ్ల ఫామ్‌హౌస్‌లు, గేట్లు, గేట్ల మీద కెమెరాలు. నీలిరంగు తొట్లలో నీళ్లు నింపుకుని వాటిలో ఈదుతారట. కనకమామిడి తోవలో ఉడుము కనబడితే ఫోటో తీసి పంపుతారు, అంత అరుదైపోయింది. ఏ ఇల్లూ ఎవరూ పాడుబెట్టరు. మంచిదే. అటువంటి భయం ఏ పసిదాని నెత్తి మీదా విస్తరి పెట్టకూడదు. కానీ మా అమ్మాయి ఇంట్లో నలుగురం ఉంటాం, నాలుగు గదులు, నాలుగు తలుపులు లోపలినుంచి గడియ. తెల్లవారితే ఎవరు లేచారో ఫోనులో పచ్చ చుక్క చూసి తెలుసుకుంటారు. ఒకరు పలకకపోతే గొంతు మారే మనిషి ఆ ఇంట్లో ఎవరూ లేరు, ఉన్నా ఆమె పిలవదు, పిలిస్తే ఏమైందమ్మా అని కంగారుపడి దవాఖానకు తీసుకుపోతారు.

అయినా తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు ఆ వరస నా నోటిదాకా వస్తుంది. అవ్వా, బాపూ, నాయనమ్మా, చెల్లే. ఇందులో పలకగలిగినది ఇప్పుడు ఒక్కటే, అది చేవెళ్లలో ఉంటుంది, ఎనిమిదింటికి ముందు లేవదు. ఎనిమిదయ్యేదాకా నేను గడియారం చూస్తూ కూర్చుంటాను.